కరువు ఏడు, మేత లెక్క: 2023 కార్తెల డైరీ

కృత్తిక కార్తె (మే నడిమి)

మా మహిళా పొదుపు సంఘాల గ్రామ సమాఖ్య సమావేశంలో ఈ ఏటి పని ఖాయమైంది. వాన వచ్చినా రాకపోయినా, మేత లేదనే కారణంతో ఊళ్లో ఎద్దు గానీ ఆవు గానీ గొర్రె గానీ సంతకు పోకూడదు. విత్తనం, బోరు నీళ్లు, ఉపాధి పని అన్నీ ఈ ఒక్కదాని చుట్టూనే పెట్టుకుందామని అందరూ ఒప్పుకున్నారు. సమాఖ్య లెక్కలు రాసేది నేనే కాబట్టి ఈ డైరీ రాసే బాధ్యత కూడా నాదే అన్నారు.

మేతతోనే మొదలెందుకు అని ఈ తట్టు తెలియనివాళ్లు అడుగుతారు. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఎర్రనేలల ఊరు. ఏడాదికి పడేది 550 మి.మీ. వాన, అదీ కుదురుగా పడదు. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగే వేసేవాళ్లు. పంట పోతే ఆ ఏటి పెట్టుబడి పోతుంది, అప్పో సప్పో చేసి మళ్లీ వేస్తాం. హస్త కార్తెలో మేత లేక కాడెద్దులను సగం ధరకు అమ్ముకున్న ఇంటి కథ వేరు. మరుసటి ఏడు మృగశిరలో నేల దుక్కికి తగినంత తడిసి పదునైనప్పుడు ఆ ఇంటాయన ట్రాక్టరు కోసం వరుసలో నిలబడతాడు. వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. మళ్లీ ఎద్దులు కొనాలంటే నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇట్లా రెండేళ్లు గడిస్తే ఆ మనిషి బెంగళూరులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర ఉంటాడు. మా ఊరి నుంచి వలసపోయినవాళ్లలో నాకు తెలిసిన చాలా ఇళ్ల కథ ఎద్దులు అమ్మిన రోజుతోనే మొదలైంది.

అందుకే ముందు ఇంటింటికీ పోయి మేత లెక్క తీశాం. మా నాటు ఎద్దుకు రోజుకు ఏడు కిలోల ఎండుమేత కావాలి. నవంబరు నుంచి మళ్లీ పచ్చిక లేచే దాకా ఎనిమిది నెలలు పట్టుకుంటే ఒక కాడికి, అంటే జత ఎద్దులకు, మూడు టన్నుల మూడు వందల కిలోల పైన. మంచి ఏట ఎకరా వేరుశనగకు టన్ను కట్టె, అంటే కాయలు కోశాక మిగిలే ఎండు మొక్క, వస్తుంది. మూడెకరాలవాడికి దాదాపు సరిపోతుంది, అదీ మంచి ఏటి మాట. లెక్కంతా బడిగోడ మీద సున్నం కొట్టి రాయించాం, ఇంటి పేర్లు లేకుండా వీధుల వారీగా. ఎస్సీ కాలనీ వీధి ముందర గీసిన గడి దాదాపు ఖాళీగానే ఉంది. అక్కడ గొర్రెలు, మేకలు ఉన్నాయి, పొలాలు లేవు. ఈ గడి ఎట్లా నింపాలో రెండో సమావేశంలో తేల్చాలి.

రోహిణి కార్తె

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, నిజంగానే అట్లా కాస్తోంది. ఈ ఎండలోనే మేం విత్తనం వేశాం.

వానలకు ముందే పొడిదుక్కిలో నవధాన్యాలు వేసే ముందస్తు విత్తనం మా మండలానికి కొత్త కాదు. ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో ఏళ్లుగా చెబుతున్నదే. మేం మేత కోసం దాన్ని కొంచెం మార్చుకున్నాం. సజ్జ, జొన్న, కొర్ర, అలసంద, అనుము, పెసర, ఉలవ, జనుము, నువ్వులు. ఆముదం ఆకు పశువుకు మంచిది కాదు కాబట్టి తీసేశాం. ఇంటికి అరెకరా, అంతకు మించి వద్దనుకున్నాం.

విత్తనానికి పూత పట్టించే పని మా అరుగు మీదే జరిగింది. ముందు విత్తనాలను బీజామృతంతో (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన నీళ్లు) తడపాలి, చేతికి అంటుకునేంతే గానీ కారేంత కాదు. తర్వాత జల్లించిన పుట్టమన్ను చల్లుతూ చేటలో తిప్పాలి. మన్ను పట్టుకున్నాక ఘనజీవామృతం పొడి (పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి ఆరబెట్టిన ఎరువు), చివర బూడిద. సజ్జగింజ చిన్నది, తొందరగా గుండ్రమవుతుంది. అలసంద పెద్దది, పక్కకు దొర్లిపోతుంది, దాన్ని విడిగా తిప్పుకోవాలి. అన్నీ అయ్యాక నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే పూత పగిలి పొడి రాలిపోతుంది. ఈ పూత ఉంటే పొడిదుక్కిలో వేసిన గింజను చీమలు మోసుకుపోవు. చిన్న జల్లుకు తొందరపడి మొలిచి చచ్చిపోకుండా అసలైన తడి కోసం ఆగుతుంది.

మా పెద్దనాయన చేను గట్టు మీద నిలబడి చూసి, "నిప్పుల్లో ఇత్తనమేస్తాండారు గదమ్మా" అన్నాడు. నవ్వడానికి కాదు, బాధగానే అన్నాడు. విత్తనమంటే ఆయనకు ప్రాణం. సాయంత్రానికి తన అరెకరాకు కూడా విత్తనం అడిగాడు. సమాఖ్య విత్తన నిధి నుంచి ఇచ్చాం. నియమం అందరికీ ఒకటే: సేరు తీసుకుంటే కళ్లం మీద సేరున్నర తిరిగి పోయాలి, డబ్బు తీసుకోం. డబ్బయితే ఎవరికి ఏ అవసరం వచ్చినా ఖర్చయిపోతుంది. గింజయితే మళ్లీ రోహిణి దాకా కుండలో ఉంటుంది.

చేను మీద వేరుశనగ పొట్టు పలుచగా పరిచాం. పొట్టు దొరికినంత వరకే. కొన్ని చేలు ఉత్తగానే మిగిలాయి.

మృగశిర

జూన్ 8న రుతుపవనాలు కేరళను తాకాయి, వారం ఆలస్యంగా. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో మొదలైందని అమెరికా వాతావరణ సంస్థ ప్రకటించింది కూడా అదే రోజు. ఎల్‌నినో వచ్చిన ప్రతిసారీ మాకు కరువు రావాలనేమీ లేదు. కానీ ఈసారి చెయ్యి దగ్గర పెట్టుకుని నడవాలని సమావేశంలో చెప్పాను.

ఈ కార్తెలోనే ఇంకో వార్త. శుద్ధి చేసిన సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకాన్ని 17.5 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించారు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. పట్నంలో నూనె చవకవ్వాలని చేసే ప్రతి నిర్ణయం మా వేరుశనగ బస్తా మీద పడుతుంది. ఈ ఏడు వేరుశనగ మద్దతు ధర క్వింటాకు 6,377 రూపాయలు. ఆ ధర మాకు అందాలంటే కొనే కేంద్రం మేం పంట తీసిన వారంలో తెరిచి ఉండాలి. అప్పులవాడు కళ్లం దగ్గర నిలబడి ఉంటే రైతు ఎన్ని రోజులు ఆగగలడు? వాన ఒక పక్క, ధర ఒక పక్క కొడుతుంటే ఒక్క పంటనే నమ్ముకోవద్దని ఎన్నిసార్లయినా చెబుతాను.

రెండు జల్లులు పడ్డాయి. పొట్టు పరిచిన చేలల్లో మొలక కనిపిస్తోంది. పరవని చేలల్లో అక్కడొకటి అక్కడొకటి.

ఆరుద్ర, పునర్వసు

వాన లేదు. చేసేదేం లేనప్పుడే నీళ్ల ఒప్పందం కుదుర్చుకోవడం నయం. పంట ఎండుతున్నప్పుడు ఎవరూ ఎవరి మాటా వినరు.

తూర్పు పొలంలో నాలుగు బోర్లున్నాయి. వాటి చుట్టూ ముప్పై ఎకరాలు, పద్దెనిమిది ఇళ్ల భూమి. బోర్లు మాత్రం నలుగురివే. ఆ నాలుగింటినీ ఒకే పైపులైనుకు కలపాలి. ఎవరి బోరైనా సరే, వాన లేక బెట్ట వస్తే వేరుశనగకు ప్రాణం నిలిపే తడి అందరికీ ఇవ్వాలి. బదులుగా మిగిలిన పద్నాలుగు ఇళ్లవాళ్లు పదేళ్లు కొత్త బోరు వేయబోమని కాగితం మీద సంతకం పెట్టాలి. ఇది మేం పుట్టించిన పద్ధతి కాదు. జిల్లాలో ఇంతకు ముందే కొన్ని ఊళ్లు చేసి చూపించాయి. బోరు ఉన్న రైతుకు లాభమేంటంటే, పక్కన కొత్త బోరు పడి తన బోరు ఎండిపోయే భయం తప్పుతుంది. రెండు బోర్ల మధ్య దూరం గురించి నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టంలో నియమాలున్నాయి, కానీ రాత్రికి రాత్రి రిగ్గు లారీ వచ్చి పోతే ఆ నియమం ఎవరికి గుర్తు?

కూర్చుని నీళ్ల లెక్క వేశాం. ఇక్కడే చాలామంది కళ్లు తెరుచుకున్నాయి. ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే నాలుగు వేల లీటర్లు. వేరుశనగకు ఒక్క తడి, 20 మి.మీ., అంటే ఎనభై వేల లీటర్లు. మా బోర్లు గంటకు మూడు వేల లీటర్లు పోస్తాయి. పగటి కరెంటు తొమ్మిది గంటలకు ఇరవై ఏడు వేలు. అంటే ఒక బోరుకు ఒక ఎకరా తడపాలంటే మూడు రోజులు. నాలుగు బోర్లూ తిప్పినా ముప్పై ఎకరాలకు ఒక వంతు ముగియడానికి ఇరవై రెండు, ఇరవై మూడు రోజులు. ఆలోపు మొదట్లో తడిపిన చేను మళ్లీ వాడుతుంది, చివరి చేను అసలు బతకదు.

అందుకని ఇంటికి ముందు ఒక్క ఎకరానే అని తీర్మానం చేశాం. పద్దెనిమిది ఎకరాలయితే రెండు వారాల్లో చుట్టి రావచ్చు. ఆరెకరాలున్నవాడికీ ఒకటే, ఎకరా పదిసెంట్లున్న ఒంటరి ఆడమనిషికీ ఒకటే. ఆరెకరాలాయన లేచి పోయాడు. మరునాడు పొద్దున వాళ్ల భార్యే వచ్చి సంతకం పెట్టింది. "నా ఎద్దులకు ఎకరా కట్టె చాలు వదినా, ఆయనకు నేను జెప్పుకుంటా" అంది.

ఎస్సీ కాలనీ సంగతి కూడా తేలింది. నవధాన్యాల చేలు కోసేటప్పుడు, వేరుశనగ కలుపు తీసేటప్పుడు కూలిలో కొంత మేతగా ఇవ్వాలి. కోసిన తర్వాత చేలోకి గొర్రెలను తోలుకునే మొదటి హక్కు ఆ వీధివాళ్లదే. దానికి బదులు వాళ్లు రాత్రిళ్లు చేలో మంద కడతారు. గొర్రె ఎరువు విలువ తెలిసిన రైతులెవరూ ఎదురు చెప్పలేదు.

పుష్యమి (జూలై ఆఖరు)

పడింది. రెండు రాత్రులు, పదునుకు సరిపడా. ఊరంతా చేలల్లోనే ఉంది.

ముందుగా నవధాన్యాల మేత కోసేశాం. పొట్టు పరిచిన చేలల్లో సజ్జ, జొన్న మోకాలు దాటింది, అలసంద కింద అల్లుకుంది. పరవని చేలల్లో గంప నిండడమే గగనం. ఏదైనా సరే పచ్చిది పచ్చిగా వేయొద్దని, ఎండబెట్టి వామి వేయాలని గట్టిగా చెప్పాం. లేత జొన్నతో వచ్చే ప్రమాదం కింద రాశాను.

వేరుశనగ వేశాం. మద్దతు ధర ఉన్నదీ ఇంట్లో చేతికి డబ్బు తెచ్చేదీ అదే, దాన్ని వదిలేయమని ఎవరికీ చెప్పలేం. కానీ ప్రతి చేనులో కంది సాళ్లు పెట్టించాం. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న. ఈ జొన్న సాళ్ల వెనక ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2000లో ఈ జిల్లా వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ తగిలి రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. వయ్యారిభామ పుప్పొడిలో ఉండే వైరస్‌ను తామరపురుగులు మోసుకొచ్చి అంటించాయి. చుట్టూ ఎత్తుగా జొన్న గానీ సజ్జ గానీ ఉంటే ఆ పురుగు లోపలికి రావడం తగ్గుతుంది. పైగా నాలుగు సాళ్ల చొప్ప మేతకు వస్తుంది. గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకడం ఉపాధి పనిలో పెట్టించాలని అడిగాం, కుదరలేదు. మా సంఘాల వాళ్లే పీకారు.

ఇంతలో టమాటా వచ్చి పడింది. మదనపల్లె మార్కెట్లో మేలురకం కిలో దగ్గర దగ్గర రెండు వందలు పలికింది. బోర్ల యజమానుల్లో ఒకాయన, "ఒక్క ఎకరా టమాటా పెట్టుకుంటా, నా బోరు నాకిడ్సండి" అన్నాడు. ఆయన అడగడంలో తప్పేం లేదు. పిల్ల పెళ్లి అప్పు ఉంది. కానీ లెక్క ముందర పెట్టాం. డ్రిప్పు పెట్టినా టమాటాకు పంటకాలం మొత్తం మీద 400 మి.మీ. కావాలనుకుంటే పదహారు లక్షల లీటర్లు. అంటే ఇరవై ఎకరాల వేరుశనగకు ఒక్కో తడి. ఒక్క టమాటా చేను పద్దెనిమిది ఇళ్ల తడినీ తాగేస్తుంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సమాఖ్య ఆయన పాత అప్పును బ్యాంకు లింకేజీలోకి, అంటే సంఘాలకు బ్యాంకు ఇచ్చే రుణంలోకి, మార్చడానికి ఒప్పుకుంది. భార్య సంఘంలో ఉంది, ఏడాదికి ఏడు శాతం వడ్డీకి వస్తుంది. బయట ఇస్తున్నది నెలకు నూటికి రెండున్నర. ఆయన టమాటా ఆలోచన మానుకున్నాడు.

ఆశ్లేష, మఖ (ఆగస్టు)

ఒక్క చినుకు లేదు. దేశం మొత్తం మీద 1901 తర్వాత ఇంత ఎండిన ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. "మఖ పుబ్బలు వరపయితే మీ అన్న సేద్యము నా సేద్యము మన్నే" అని మా అవ్వ ఎప్పుడూ అనేది.

వేరుశనగ పూతకు వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి ఆకులు విప్పి ఉంటాయి, పదకొండుకల్లా ముడుచుకుంటాయి. సాయంత్రం కూడా విప్పకపోతే తడి ఇవ్వాలని గుర్తు పెట్టుకున్నాం. మఖ మొదట్లో ఆ గుర్తు కనిపించింది. పైపులైను తెరిచాం.

ఎవరి చేను ముందు? చీటీలు వేశాం, గుడి ముందర, పిల్లవాడి చేత తీయించి. రాత్రి తుంపర పైపులు మార్చడం, తెల్లారి మోటరు వేయడం వంతులవారీగా ఆడవాళ్లే ఎక్కువ చూసుకున్నారు. రెండు బోర్లు సరిగ్గానే పోశాయి. మిగతా రెండింటి ధార వారం తిరిగేసరికి సన్నబడింది, గంట పోసి గంట ఆపాల్సి వచ్చింది. పద్దెనిమిది ఎకరాలూ చుట్టడానికి అనుకున్నదానికంటే ఎక్కువ రోజులే పట్టింది. చివరి చీటీలు వచ్చినవాళ్ల పూత కొంత రాలిపోయింది. వాళ్లకు రెండో వంతులో మొదటి చోటు ఇవ్వాలని అక్కడికక్కడే రాసుకున్నాం.

నాము గురించి రాయాలి. బెట్టకు వాడిన లేత జొన్నలో చేరే విషమది. మోకాలెత్తున ఉండి పూతకు రాని జొన్న మరీ ప్రమాదం. కోసిన మొదలు నుంచి మళ్లీ లేచిన పిలకలూ అంతే. ఉత్తరపు వీధిలో ఒకరి ఆవు కట్టు తెంపుకుని గట్టుజొన్నలో పడి మేసింది. పావుగంటకు నోట నురగ, పొట్ట ఉబ్బరం, కాళ్లు తడబడి పడిపోయింది. పశువైద్య సహాయకుడు పక్క ఊళ్లోనే ఉండడం అదృష్టం. ఆ విషానికి విరుగుడైన హైపో (సోడియం థయోసల్ఫేట్) ఇంజెక్షను ఇచ్చాడు, కొంత నీళ్లలో కలిపి తాపించాడు. గంటకు లేచి నిలబడింది. ఆ రాత్రే గుడి మైకులో చెప్పించాం: పచ్చి గట్టుజొన్న ఎవరూ వేయొద్దు, కోసి బాగా ఎండబెట్టాకే వేయాలి, కంకి పట్టి గింజ పాలు పోసుకున్నాక పచ్చిది వేసినా భయం తక్కువ. సమాఖ్య డబ్బుతో హైపో తెప్పించి పశువైద్య సహాయకుడి దగ్గరే ఉంచాం. మేత పథకం పెట్టేవాళ్లు ఎవరైనా ముందు ఈ సంగతి చెప్పి తీరాలి. కరువులో మేత కోసం వేసిన జొన్నే ఆ పశువును చంపగలదు.

పుబ్బ, ఉత్తర (సెప్టెంబరు)

కొంచెం వాన. ఊడలు, అంటే పూత తర్వాత కాయ కట్టడానికి నేలలోకి దిగే కాడలు, దిగే వేళకు పడింది, ప్రాణం లేచొచ్చింది. ఊడ మెత్తటి నేలలోకి దిగాలి, నేల గట్టిపడితే పైనే ఎండిపోతుంది. తూర్పు పొలంలో బోరుతడి అందిన చేలల్లో మట్టి తీసి చూస్తే మొక్కకు ఎనిమిది, పది ఊడలు దిగి ఉన్నాయి. పడమటి పొలంలో, అక్కడ బోర్లు లేవు, మూడు నాలుగు.

అక్కడ పంట వదిలేసిన చేలల్లో గుంటక తోలి ఉలవ చల్లించాం. ఉలవకు ఈ చిన్న తడి చాలు. ఆగస్టు దాటాక వేరుశనగ వేయడం డబ్బు మన్నులో పోసుకోవడమే. ఉలవ గింజ రాకపోయినా పొట్టు మేతకు వస్తుంది.

టమాటా పడిపోయింది. పత్తికొండ మార్కెట్లో కిలో ఐదు రూపాయల లోపు. రైతులు రోడ్ల మీద పారబోస్తున్నారు. మా బోరాయన ఆ వార్త చూసి నాకు ఫోన్ చేసి, "అమ్మా, ఆ రోజు నన్ను ఆపినారు సరే, పారబోసినోళ్ల సంగతేంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. రెండు నెలల్లో నలభై రెట్లు పడిపోయే ధరను ఏ రైతూ తన తెలివితో దాటలేడు. దానికి శీతల గిడ్డంగులు, గుజ్జు ఫ్యాక్టరీలు, పంటకు ముందే చెప్పిన ధర ఉండాలి. అది మా సమాఖ్య చేతిలో ఉన్న పని కాదు, కానీ అడగడం మా పనే.

హస్త, చిత్త (అక్టోబరు)

మళ్లీ వరపు. ఈశాన్య గాలి జాడ లేదు. బెంగళూరు బస్సు ఎక్కడం మొదలైంది. పోయేవాళ్లను ఆపలేం, ఆపకూడదు కూడా. నాలుగు నెలలు పోయి డబ్బు తెచ్చుకునే ఇల్లు వేరు, అన్నీ అమ్ముకుని పోయే ఇల్లు వేరు. ఈసారి పోయినవాళ్లు ఎద్దులను అన్నదమ్ముల కొట్టంలో కట్టి పోయారు. మేత లెక్కలో వాళ్ల భాగం వాళ్లదే అని గోడ మీద రాసి ఉంది.

ఉపాధి పనిలో నీటి కుంటలు తవ్వుకున్నాం. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఇదే జిల్లా బండ్లపల్లిలో. ఈ ఏడు కూలి రోజుకు 272 రూపాయలు, కొలతల ప్రకారం చేతికి వచ్చేది అంతకంటే తక్కువే. రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. గుట్ట కింద సిగ్నలు ఉండదు, ఫోటో ఎక్కకపోతే ఆ రోజు కూలి లేనట్టే. కూలీల హాజరు చూసే మేటు అమ్మాయి ఫోను పట్టుకుని గుట్ట ఎక్కి దిగుతుంది. కూలి డబ్బు ఆలస్యం అయినప్పుడు సమాఖ్య నుంచి చిన్న చేబదుళ్లు ఇచ్చాం. అవి ఇవ్వకపోతే అమ్ముడుపోయేది మేకే. మేక పేదింటి బ్యాంకు పుస్తకం లాంటిది, వంద అవసరాలకు అది ఒక్కటే తీసి చూపించగలిగేది.

తవ్విన కుంటల్లో నీళ్లు లేవు, వాన లేదు కనుక. వచ్చే ఏటి కోసమే అనుకున్నాం.

స్వాతి

ప్రభుత్వం కరువు మండలాలు ప్రకటించింది. ఏడు జిల్లాల్లో 103, అందులో అనంతపురం జిల్లావి 28. మాదీ ఉంది. ఉపాధి పని ఇంటికి మరో యాభై రోజులు అదనంగా అడగవచ్చు. ఆ దరఖాస్తులు మూడు రోజుల్లో రాసి ఇచ్చాం.

కొర్ర కోశాం. ఈ ఏడు ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం, పత్రికల నిండా కొర్రలే. కానీ కేంద్రం జొన్నకు, సజ్జకు, రాగికి మద్దతు ధర ప్రకటిస్తుంది, కొర్రకు లేదు. బస్తా తీసుకుపోతే వ్యాపారి చెప్పిందే ధర. మేం అమ్మలేదు. క్వింటా కొర్రలను దంచితే అరవై, అరవై ఐదు కిలోల బియ్యం వస్తాయి. ఆ బియ్యం ఇళ్లలోకే పోయాయి, తవుడు, కొర్రగడ్డి పశువులకు. రోట్లో దంచడం మాత్రం ఆడవాళ్ల నడుములు విరిచే పని. పొట్టు తీసే మిషను కావాలని ప్రతి సమావేశంలో అడుగుతున్నారు. పసిపిల్లలున్నవాళ్లు దంచలేక కొర్ర వేయడమే మానేస్తామంటున్నారు, వాళ్ల మాట న్యాయమే. మిషను లేకుండా చిరుధాన్యాలు తినండని చెప్పడానికి నాకు నోరు రాదు.

విశాఖ, అనూరాధ (నవంబరు)

వేరుశనగ పీకాం. తూర్పు పొలంలో తడి అందిన ఎకరాల్లో ఇంటికి మూడు నుంచి నాలుగు బస్తాలు, తడి లేని చోట బస్తా కూడా కష్టం. పెట్టుబడి రాలేదు. ఇది దాచడానికి లేదు. వేరుశనగను బట్టి చూస్తే ఈ ఏడు పోయినట్టే.

కట్టె మాత్రం వచ్చింది. బడిగోడ దగ్గర మళ్లీ లెక్క వేశాం: వేరుశనగ కట్టె, గట్టుజొన్న చొప్ప, నవధాన్యాల ఎండుమేత, కొర్రగడ్డి, ఉలవ పొట్టు. తూర్పు పొలం ఇళ్లకు మే నెల దాకా సరిపోతుంది. పడమటి పొలం ఇళ్లకు ఫిబ్రవరి దాకా. ఆ లోటుకు సమాఖ్య డబ్బుతో వరిగడ్డి రెండు లారీలు తెప్పించాం. ఉత్త వరిగడ్డిలో బలం ఉండదు. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, పట్టా కప్పి మూడు వారాలు మగ్గబెట్టాలి. కొలత మించితే విషం, అందుకని ఒక్క చోటే, పశువైద్య సహాయకుడి ముందరే చేశాం. తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరనిచ్చి మెల్లగా అలవాటు చేస్తున్నాం.

ఈ నెల దాకా మేత లేక ఎద్దులు అమ్మిన ఇల్లు ఒక్కటి. ఆ ఇంట్లో ఆపరేషను ఖర్చు కూడా ఉంది, మేత ఉన్నా ఆపలేకపోయేవాళ్లం. గొర్రెల మందల్లో రెండు డెల్టా వైపు పోయాయి, మిగతావి ఊళ్లోనే కోసిన చేలల్లో తిరుగుతున్నాయి. విత్తన నిధికి కొర్ర, ఉలవ సేరున్నర లెక్కన తిరిగి వచ్చాయి. అలసంద, సజ్జ మేతకే కోసేశాం కాబట్టి విత్తనం నిలవలేదు. పక్క మండలం సంఘాల దగ్గర మార్పిడికి అడుగుతున్నాం.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటుంది. కరువు పరిహారం కోసం పంట నష్టం రాసుకున్నప్పుడు భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరే వచ్చింది. మా ఊళ్లో మూడో వంతు చేలు కౌలువి. విత్తనం, ఎరువు, కూలి పెట్టింది కౌలుదారు, పరిహారం పోయేది కర్నూలులోనో బెంగళూరులోనో ఉన్న యజమానికి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు కార్డు ఇస్తారు, కానీ దానికి యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనని వాళ్లు భయపడతారు. కార్డు పదకొండు నెలలకే, దాంతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. ఆ పేజీ జెరాక్సు తీసి, యజమానుల జాబితా రాసుకుని, సంక్రాంతికి వాళ్లు ఊరొచ్చినప్పుడు ఒక్కొక్కరి ఇంటికీ పోవాలని పెద్దక్కలిద్దరం అనుకున్నాం. జూన్‌లో ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో పంట రాసేలోపు ఎన్ని సంతకాలు వస్తే అన్ని. రోహిణి విత్తనానికి పేర్లు ఇచ్చినవాళ్లలో సగం మంది కౌలుదార్లే, వాళ్ల జాబితాతోనే మొదలుపెడతాం.